అంకె లేని సిఫారసు

నలభై ఒకటో ఆల్బమ్ పదిహేడో నిమిషానికి చేరేసరికి దమయంతి ముంజేతి పట్టీ మీద పులకాంకం పంతొమ్మిది దగ్గర ఆగిపోయింది. కళ్ళు తెరవకుండానే ఆమెకు ఆ సంగతి తెలిసింది. ఇరవై రెండేళ్ళు ఈ కుర్చీలో కూర్చున్నాక, చర్మం మీద ఎన్ని రోమాలు లేచాయో పట్టీ కంటే ముందు మనిషికే తెలుస్తుంది.

అది ఏదో సినిమా నేపథ్య సంగీతం. ఏ సినిమాదో శ్రోతలకు చెప్పరు. ఎవరు చేశారో అసలే చెప్పరు. తుఫాను కథ అయివుండాలి. గాలి లేస్తుంది, తలుపులు కొట్టుకుంటాయి, ఎవరో తప్పిపోతారు, ఎవరో దొరుకుతారు.

చివరి స్వరం ఆగాక అవతలి కుర్చీలోని సన్యాసిరావు హెడ్‌ఫోన్ తీసి మెడకు తగిలించుకున్నాడు. ఆయన రెండో శ్రేణి శ్రోత. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఓడరేవులో పని మానేశాక శ్రవణ మండలిలో చేరాడు.

"ఏటమ్మా, ఎలాగుంది?"

"ఏడవాల్సిన ప్రతిచోటా వయొలిన్లు ముందే వచ్చి హెచ్చరిస్తున్నాయి సన్యాసిరావు గారూ. ఇక ఏడుపెలా వస్తుంది?"

"వాన మటుకు బాగా చేసేడు. రేకు మీద వాన వేరేగా, ఇసక మీద వాన వేరేగా వినిపించింది."

"అందుకే పంతొమ్మిది. లేకపోతే పదే."

ఆయనకు ఇరవై నాలుగు వచ్చింది. అంకెలు లెక్కగట్టే యంత్రం తూనిక, రెండు అంకెలనూ తీసుకుని, సగటు కట్టి, తెర మీద పెట్టింది.

వారానికి మూడు ఆల్బమ్‌లు. మండలి వాటిని కొని విశాఖ కేంద్రానికి పంపుతుంది. ఇద్దరు శ్రోతలు విని పోల్చి చెబుతారు. సగటు ఎక్కువున్నది పంపకానికి వెళుతుంది. తూనిక ఆ అంకెను బట్టి నలభై వేల ఇళ్ళలో ఏయే ఇళ్ళకు సిఫారసు చేయాలో లెక్కగడుతుంది. ఒప్పుకున్న ఇంటివాళ్ళు ఎక్కడున్నా, వాళ్ళ చెవుల్లో అది ఒకేసారి మొదలవుతుంది. మిగతా రెండూ నిల్వలోకి పోతాయి. నిల్వలోంచి ఏదైనా తిరిగి వచ్చిన దాఖలా లేదు.

అలా పంపినా వినేవాళ్ళు తక్కువే. ఎవరి చెవిలో వాళ్ళకు సొంతధార ఉంది. నాడిని బట్టి, నడకను బట్టి యంత్రం అప్పటికప్పుడు కట్టే పాట అది. ఒకసారి వినిపించింది మళ్ళీ వినిపించదు, ఒకరికి వినిపించింది ఇంకొకరికి వినిపించదు. ఒకే బస్సులో యాభైమంది యాభై పాటలు వింటూ పోతుంటారు. మనుషులు కట్టి, వాయించి, మారకుండా నిలిపిన స్థిరగానం కావాలనే ఇళ్ళు ఏడాదికేడాదికీ తగ్గుతున్నాయి.

"మన నలభైయే గెలుస్తాది చూడు," అన్నాడు సన్యాసిరావు, క్యారేజీ విప్పుతూ.

నలభై అంటే నిన్న విన్న రాక్ ఆల్బమ్. మూడు గిటార్లు, ఒక డ్రమ్స్, కమ్మరి కొలిమి దగ్గర నిలబడి అరిచినట్టుండే గొంతు. ఆ డ్రమ్స్ వరసలో క్రేన్ కప్పీ తిరిగే శబ్దం ఉందనీ, వాళ్ళు తప్పకుండా ఓడరేవు వాళ్ళేననీ సన్యాసిరావు నమ్మకం. ఆయనకు డెబ్బై ఒకటి వచ్చింది. దమయంతికి నలభై ఐదు. సగటు యాభై ఎనిమిది.

"నాలుగో పాటలో శ్రుతి పోయింది," అంది దమయంతి.

"పోయింది. కోపమొచ్చినోడికి గొంతు సరిగ్గా ఉంటాదేటి?"

"మొదటి పాటలో ఉన్న కోపమే ఆఖరి పాటలోనూ ఉంది. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు వాళ్ళు. అయినా ఈ తుఫాను కంటే నయం. ఇది మనల్ని ఏడిపించాలని చూస్తోంది. వాళ్ళు ఎవరినీ ఏమీ చెయ్యాలని చూడలేదు."

భోజనాలయ్యాక నలభై రెండో ఆల్బమ్ మొదలైంది. శాస్త్రీయం. వయొలిన్ ఒక్కటే, పక్కన మృదంగం కూడా లేదు. మొదట ముఖారి ఆలాపన.

మంచి వాయిద్యం కాదు, పాతది. కింది తీగ కొంచెం వదులు. వాయించే మనిషిది చిన్న వయసు కాదు, తొందర లేదు. దమయంతి అలవాటు ప్రకారం ఇవన్నీ మనసులో రాసుకుంటూ పోయింది. ఆరో నిమిషంలో రాగం తారస్థాయికి ఎక్కింది. అక్కడ చిటికెన వేలు చాపి అందుకోవలసిన స్వరాన్ని ఆ మనిషి మధ్యవేలు జార్చి అందుకుంది. జార్చడానికి ముందు, లేదనుకోవలసినంత చిన్న ఆగుడు.

దమయంతి చేతులు కుర్చీ పిడిని పట్టుకున్నాయి.

ఆ చెయ్యి మందాకినిది. పదేళ్ళప్పుడు సైకిల్ మీంచి పడి ఎడమ చిటికెన వేలు వంకరపోయిన మందాకిని. విజయనగరంలో ఒకే మాస్టారి దగ్గర ఇద్దరూ తొమ్మిదేళ్ళు ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నారు. మందాకిని వేలు సాగదని మాస్టారు ఆమెకు ఆ జారుడు నేర్పారు. నేర్పాక ఒకరోజు ఆగి, దమయంతి వైపు తిరిగి, "నీకు చెవి ఉందమ్మా. మందాకినికి చెయ్యి ఉంది," అన్నారు.

ఆ మాటను దమయంతి ఎన్నో రకాలుగా తిప్పి చూసుకుంది. చెవి గొప్పదని తేల్చుకుంది. మండలి ఉద్యోగం వచ్చినప్పుడు, వాయించేవారు తూచకూడదన్న నిబంధన కింద సంతకం చేసి, వయొలిన్ ఎవరికో ఇచ్చేసింది. మందాకిని పార్వతీపురంలో బడిపిల్లల ప్రార్థనకు హార్మోనియం వాయిస్తోందని చాన్నాళ్ళ కిందట ఎవరో చెప్పారు. పాపం అని పైకి అంది. ఆ పూట అన్నం రుచిగా తిన్నది. అది ఆమెకు ఇప్పటికీ గుర్తుంది.

ముఖారి నలభై నిమిషాలు సాగింది. చాప మీద కూర్చున్నప్పటి మందాకిని ఇందులో సగమే. మిగతా సగం ఈ ఏళ్ళలో ఎక్కడ నేర్చింది? ఎవరు విన్నారని నేర్చింది? ఒక్కొక్క సంగతి వస్తుంటే, దాని తర్వాతిది ఎలా ఉండాలో దమయంతి చెవికి ముందే తెలుస్తోంది. ఆ చెయ్యి అక్కడికే వెళ్ళి, అక్కడ ఆగకుండా ఇంకో అడుగు వేస్తోంది. ఆ అడుగు తన చెవికి ఒక్కసారీ తట్టలేదు. మెడ వెనక నుంచి మోచేతుల దాకా చర్మం బిగుసుకుపోయింది.

ఆగాక సన్యాసిరావు తన పట్టీ చూసుకున్నాడు. ముప్ఫై మూడు. తర్వాత ఆమె పట్టీ చూశాడు.

"ఎనభై ఎనిమిదా," అన్నాడు నెమ్మదిగా. "మన క్రేనోళ్ళది ఎగిరిపోయినట్టే."

"పట్టీ పాడైంది."

"పొద్దున్న బాగానే ఉందిగా?"

దమయంతి బీరువాలోంచి కొత్త పట్టీ తీసి కట్టుకుంది. మళ్ళీ మొదటి నుంచి విన్నది. రెండోసారి వింటే అంకె తగ్గుతుంది, ఎప్పుడూ అంతే. ఈసారి తొంభై ఒకటి వచ్చింది.

తూనిక గొంతు విప్పింది. "ఈ కేంద్రంలో ఇంతవరకు నమోదైన అత్యధిక పులకాంకం. అభినందనలు."

మందాకిని పేరు కూడా తెలియని యంత్రం, మందాకిని గొప్పతనానికి దమయంతిని అభినందిస్తోంది. అదీ దమయంతి చర్మాన్నే సాక్ష్యంగా పెట్టి. ఆమె లేచి వరండాలోకి వెళ్ళింది.

కింద బస్టాపులో జనం నిలబడివున్నారు. ఒకడి పాదం వేగంగా ఆడుతోంది, పక్కావిడ భుజాలు నిదానంగా ఊగుతున్నాయి. ఎవరి ధార వారిది. సన్యాసిరావు రెండు గ్లాసుల టీ తెచ్చి ఒకటి ఆమె పక్కన గోడ మీద పెట్టాడు.

"నాకు తెలిసిన చెయ్యి అది," అంది దమయంతి.

"మరి ప్రకటన ఇచ్చీ. పరిచయం ఉంటే చెప్పాలని రూలుంది కదమ్మా."

"ఇస్తే నా అంకె కొట్టేస్తారు. మీ ముప్ఫై మూడే మిగులుతుంది. ఆల్బమ్ నిల్వలోకి పోతుంది."

"పోతే? నీ తప్పేటుంది అందులో?"

"అదే సన్యాసిరావు గారూ. తప్పు లేకుండా చెయ్యొచ్చు. అందుకే చెయ్యాలనుంది."

ఆయన టీ తాగడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "ఆవిడ మీద కోపమా?"

"కోపం కాదు. నాకేం చెయ్యలేదు తను. ఉత్తరం రాసేది కూడా. నేనే జవాబివ్వడం మానేశాను." ఆమె ముంజేతిని తడుముకుంది. రోమాలు ఇంకా పూర్తిగా పడుకోలేదు. "ఇవి లేచింది అది బాగుందని కాదు. అది నేను వాయించలేదని."

"రెండూ ఒకటి కావేటి?"

"పట్టీకి తేడా తెలీదు."

"నీకు తెలుస్తాదా?"

ఆమెకు తెలియదు. మూడు పాళ్ళు అసూయా, ఒక పాలు రాగమా? లేక రాగమే తన దగ్గరకు వచ్చేసరికి అసూయగా మారుతోందా? ఇరవై రెండేళ్ళుగా ఊరికి పంపిన అంకెల్లో ఏది ఏమిటో కూడా ఇప్పుడు చెప్పలేకపోతోంది. నోరు మూసుకుంటే మందాకిని గెలుస్తుంది, తన అబద్ధం మీద. నిజం చెబితే ఓడిపోతుంది, తన చేతులకు మట్టి అంటకుండా. నిజం చెప్పడానికి ఇంత ఉబలాటం తనలో ఎన్నడూ లేదు. ఆ ఉబలాటాన్ని చూసి ఆమెకు భయం వేసింది.

లోపలికి వచ్చి కూర్చుని పరిచయ ప్రకటన మీట నొక్కింది. తొంభై ఒకటి చెరిగిపోయింది. ఒక్క క్షణం ఛాతీలో హాయి లాంటిది కదిలింది. ఆ హాయి తనది కాకుండా పోవాలని ఆమె కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచింది. సిఫారసు మాట రాసే గడి ఇంకా ఖాళీగానే ఉంది. పన్నెండు పదాలకు మించకూడదు. మామూలుగా ఎవరూ నింపరు, అంకే మాట్లాడుతుంది.

ఆమె రాసింది: "ఈమె నాకు తెలుసు. ఈమె మీద నాకు అసూయ. అందుకే అంకె ఇవ్వను. మీరే వినండి."

సన్యాసిరావు భుజం మీంచి వంగి చదివాడు.

మొదటి శ్రేణి శ్రోతగా ఆమెకు పంపకాన్ని నేరుగా నడిపే అధికారం ఉంది. అత్యవసరానికని ఇచ్చినది, ఎవరూ వాడలేదు. ఆమె అది తెరిచింది.

"అంకె లేని సిఫారసుకు గ్రహీతలను నిర్ణయించలేను," అంది తూనిక. "ఎవరికి పంపాలి?"

"అందరికీ."

"నలభై వేల ఇళ్ళు. ధ్రువీకరించండి."

"మరి నా క్రేనోళ్ళు?" అన్నాడు సన్యాసిరావు వెనకనుంచి. గొంతులో నిష్ఠూరముంది. "రూలు ప్రకారం ఈ వారం వాళ్ళది కదా."

"మీరూ రాయండి. అంకె వద్దు. ఎందుకు నచ్చిందో రాయండి. ముందు ఇది, వెనక అది, రెండూ పంపుదాం."

"నాకేటి రాయడమొచ్చు," అంటూనే ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. చాలాసేపు కష్టపడి ఏదో రాశాడు. దమయంతి చదవలేదు. ఆయన తన పట్టీ విప్పి బల్ల మీద పెట్టాక ఆమె ధ్రువీకరించింది.

కొంతసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత కింద బస్టాపులో ఒకావిడ చెవికి చెయ్యి ఆనించి, ఎక్కవలసిన బస్సును వదిలేసింది. ఆవిడకు నాలుగు అడుగుల దూరంలో, ఆవిడతో ఏ సంబంధమూ లేని ముసలాయన ఒకడు గోడకు ఆనుకున్నాడు. దమయంతి కిటికీలోంచి చూస్తుండగా ఇద్దరి తలలూ ఒకే క్షణంలో, ఒకే వైపుకు ఊగాయి. ఒకరినొకరు చూసుకుని, ఉలిక్కిపడి, మళ్ళీ చూసుకున్నారు.

ఆరో నిమిషం అయివుంటుందని దమయంతి అనుకుంది. ఆ తలలు ఊగింది మందాకినికి.

మండలి నుంచి ఫోన్ వచ్చింది. సన్యాసిరావు తీశాడు. "వింటున్నామండి. అయ్యేక మాటాడతాం," అని పెట్టేశాడు.

ఇళ్ళ నుంచి జవాబులకు రెండే మీటలుండేవి: విన్నాం, వినలేదు. ఇవాళ జనం ఆ రెండూ వదిలేసి ఫిర్యాదు గడిలో రాయడం మొదలుపెట్టారు. తెర మీద ఫిర్యాదుల సంఖ్య వందలు దాటింది. తూనిక ఒక్కొక్కదాన్నీ వర్గీకరించబోయి, ఏ వర్గంలోనూ పట్టక, వచ్చినవి వచ్చినట్టు దమయంతి ముందు పరిచేసింది. గాజువాక నుంచి, భీమిలి నుంచి, పెందుర్తి నుంచి. కొందరు క్రేనోళ్ళ గురించి రాశారు. ఎక్కువ మంది ఒకటే అడిగారు.

ఎవరామె?

పేరు చెప్పడం అన్నిటికంటే పెద్ద నిషేధం. దమయంతి వేళ్ళు మీటల మీద ఆగాయి. ఇంతవరకు అది పేరు లేని చెయ్యి. పేరు పెట్టాక ఊరంతటికీ తెలుస్తుంది, తనకు తప్ప అందరికీ అది ఆనందమే అవుతుంది. ఆమె ఇంటిపేరుతో సహా రాసింది. పొట్నూరు మందాకిని, పార్వతీపురం.

పంపాక అసూయ ఏమీ తగ్గలేదు. ఇంకా పెరిగినట్టే ఉంది.

వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది, కంచరపాలెంలోని ఏదో ఇంటి నుంచి. ఈవిడ ఇంకేం వాయిస్తారండీ?

ఈ ఊళ్ళో దానికి జవాబు తెలిసిన మనిషి తనొక్కతే. దమయంతి కుర్చీని ముందుకు జరుపుకుంది. ఏదో దాచుకోవాలనిపించింది, కనీసం ఆ వరాళిని, దసరాల్లో మాస్టారి ముందు మందాకిని వాయించిన వరాళిని. అది తాను ఎవరికీ చెప్పలేదు.

"ఆమెకు పన్నెండేళ్ళు, నాకు పదమూడు," అని ఆమె రాయడం మొదలుపెట్టింది. "ఆ రోజు వరాళి మొదట నేను వాయించాను."

పన్నెండో పదం దగ్గర తూనిక హెచ్చరించింది. ఆమె రాస్తూనే ఉంది.