పసుపు అంటిన స్టాంపు

శనివారం పొద్దున సుజన కూతురికి జడ వేసి, చెవి వెనుక మిషను తగిలించి, దాని వైరుకున్న గుండ్రటి బిళ్లను తలకు అంటించింది. పచ్చ దీపం వెలిగి వెంటనే ఆరిపోయింది. వైరును వేలితో మెల్లగా వంచి పట్టుకుంటే మళ్లీ వెలిగింది. అప్పటిదాకా గోడవైపు చూస్తున్న సోనీ, పక్కింటి కుక్కర్ కూతకు ఉలిక్కిపడి నవ్వింది. సుజన నవ్వలేకపోయింది.

పుట్టుకతోనే వినపడని ఆ పిల్లకు రెండేళ్ల వయసులో సర్కారు పథకం కింద ఆపరేషన్ చేసి తల లోపల ఒక పరికరం పెట్టారు. పైన ఈ మిషను పనిచేస్తేనే లోపలిది పనిచేస్తుంది. ఇప్పుడు వైరు, బిళ్ల అరిగిపోయాయి. మార్చకపోతే ఏ రోజైనా పూర్తిగా ఆగిపోతుందని బాగుచేసే ఆఫీసులో చెప్పారు. వినికిడి ఆగితే నేర్చుకున్న మాటలు కూడా ఒక్కొక్కటే జారిపోతాయని మాటలు నేర్పే మేడం హెచ్చరించింది. సోనీ ఈమధ్యే 'నాకొద్దు' అనడం నేర్చింది. అన్నం పెట్టినా అదే, ముద్దు పెట్టినా అదే. ఆ మాట ఎన్నిసార్లు విన్నా సుజనకు తనివి తీరదు.

ఉన్న డబ్బుతో వైరూ బిళ్లా మార్పిద్దామని ఆమె నెలరోజులుగా మొగుణ్ని బతిమాలుతోంది. ప్రేమ్‌రాజ్ వినలేదు. కంచన్‌బాగ్‌లో ఒక కర్మాగారంలో కాంట్రాక్టు పనివాడు. చిట్టీ ఎత్తిన లక్షా ఇరవై వేలు బీరువాలో ఉన్నాయి. అతుకులేసి ఎన్నాళ్లు నడిపిస్తం, కొత్త మిషనే కొంటా అంటాడు. కొత్తదానికి నాలుగు లక్షలు. ఆ తేడా పూడ్చడానికి అతనికి దొరికిన దారి ఒక స్టాంపు.

గౌలిపురలో వాళ్ల ఇంట్లో ఒకప్పుడు బర్రెలుండేవి. హుస్సేనీ ఆలంలోని వేణుగోపాల్ గారింటికి రోజూ పాలు వాళ్లే పోసేవాళ్లు. చిన్నప్పుడు పాల క్యాను దింపి, ఆయన స్టాంపుల ఆల్బం చూస్తూ బడి మర్చిపోయేవాడు ప్రేమ్‌రాజ్. ఇప్పుడాయన రిటైరై, భార్య కోమలవల్లి మందుల కోసం ఆ ఆల్బం ఒక్కో పేజీ అమ్ముకుంటున్నాడు. చివరికి మిగిలింది నిజాం కాలం నాటి ఒక స్టాంపు. పాత వెల మీద ఎర్ర సిరాతో కొత్త వెల అచ్చు వేసినప్పుడు, ఆ అచ్చు తలకిందులుగా పడింది. అలాంటివి చాలా అరుదు. అసలుదైతే కొనేవాళ్లు నాలుగు లక్షలిస్తారని, వాళ్ల వెంట తిరిగే ఓపిక లేక తను లక్షా ఇరవైకే ఇస్తానని వేణుగోపాల్ అన్నాడు.

ప్రేమ్‌రాజ్ అదే రోజు డబ్బు ఇచ్చేసేవాడే. సుజన అడ్డం పడింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన తనకు స్టాంపుల సంగతి తెలియదు గానీ, చీర కొన్నా రంగు పోతుందేమో కొంగు తడిపి చూస్తాం కదా, దీన్ని ఎవరికీ చూపించకుండా ఎట్లా కొంటావని పట్టుబట్టింది. వేణుగోపాల్ ఏమీ అనుకోలేదు. మీ అమ్మ పోసిన పాలల్లో నీళ్లెన్నో అడక్కుండానే ఇన్నేళ్లు తాగాం, నా స్టాంపును మాత్రం నువ్వు చూపించుకునే కొనుక్కో అని నవ్వి, కవరులో పెట్టి ఇచ్చి పంపాడు. శనివారం ప్రేమ్‌రాజ్‌కు సెలవు. ఛత్తా బజార్‌లో పాత నాణేలు, స్టాంపులు అమ్మే ఖుద్దూస్ భాయ్‌కి చూపించాలని అనుకున్నారు. శుక్రవారం సాయంత్రం ఆ కవరు తెచ్చి, ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు తోచక, దేవుని గూట్లో పెట్టాడు.

సోనీకి గ్లాసులో పాలు పోసిచ్చి సుజన వంటింట్లోంచి వచ్చేసరికి అత్త ఆగమ్మ గూటి ముందు దీపం ముట్టించి దండం పెట్టుకుంటోంది. కవరు పక్కన పడి ఉంది. స్టాంపు దేవుని పటం ముందు ఉంది. దాని మూల మీద తడి పసుపు, పసుపు మధ్య కుంకుమ చుక్క.

సుజన అత్తను పక్కకు నెట్టి, కొంగు తడిపి ఆ చుక్కను అద్దింది. పోలేదు. ఇంకోసారి గట్టిగా తుడిచింది. మూలనున్న పసుపు పాకి స్టాంపు సగం మీదికి వచ్చింది.

"ఏమైందే? కొత్త సామాను ఇంట్లకొస్తే బొట్టు పెట్టద్దా? గ్యాస్ బండకు పెడ్తలేనా? పిల్ల మిషనుకు పెట్టలేదా?" అంది ఆగమ్మ.

"అది మనది కాదత్తమ్మా. ఇంకా కొనలేదు."

"కొనకుంటే దేవుని దగ్గర ఎందుకు పెట్టిండు మరి?"

స్నానం చేసి వచ్చిన ప్రేమ్‌రాజ్ ఆ కాగితాన్ని చూసి, నేల మీద కూలబడ్డాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"నా బిడ్డ చెవులల్ల నువ్వే మన్ను పోసినవమ్మా."

ఆగమ్మ కుంకుమ అంటిన వేలిని చీర కుచ్చిళ్లలో దాచుకుంది.

"అత్తమ్మనెందుకంటవ్? ఆమె పెట్టిన బొట్టు మూలకే ఉండె," అంది సుజన. "తుడిచి అంతటా పూసింది నేను."

ఖుద్దూస్ భాయ్ దగ్గరికి వెళ్లక తప్పదు. అసలుదైతే వేణుగోపాల్‌కు మొత్తం డబ్బు కట్టాల్సిందే, మరక పడిన దాన్ని ఎవరూ కొనరు. బీరువాలోని డబ్బంతా ప్రేమ్‌రాజ్ సంచిలో పెట్టుకున్నాడు. మిషను తడబడుతోందని సుజన సోనీని కూడా చంకనెత్తుకుంది. ఆటోలో ప్రేమ్‌రాజ్ సంచిని పొట్టకు హత్తుకుని కూర్చున్నాడు. నిన్నటిదాకా అది అసలుదై ఉండాలని మొక్కుకున్న మనిషి, ఇవాళ కళ్లు మూసుకుని ఏం కోరుకుంటున్నాడో సుజనకు తెలుసు. తనూ అదే కోరుకుంటోంది. ఖోటాదని, అసలుది కాదని తేలితే చాలు దేవుడా.

ఖుద్దూస్ భాయ్ పసుపు చూసి పెదవి విరిచాడు. చిన్న పట్టకారులాంటి చిమ్టాతో స్టాంపును పట్టుకుని, వెనక్కి తిప్పి కాగితం చూశాడు. అంచున పళ్లు చూశాడు. ఇవన్నీ అసలువే అన్నాడు. సుజన చూపు మొగుడి భుజం మీది సంచి మీదికి పోయింది. తర్వాత భూతద్దం పెట్టి ఎర్ర అచ్చు మీద చాలాసేపు వంగి ఉన్నాడు.

"బేటీ, నువ్వే చూడు," అని అద్దం ఆమెకిచ్చాడు. "నల్ల గీత పోస్టాఫీసు ముద్ర. ఎర్రది అచ్చు. రెండూ కలిసిన చోట ఏది పైన ఉంది?"

సుజన చూసింది. పసుపు కింద కూడా స్పష్టంగా కనబడుతోంది. నల్ల గీతను కప్పుతూ దాని మీదుగా ఎర్ర సిరా పోయింది.

"ఎర్రది."

"ఎర్ర అచ్చు ముందు పడాలె. తర్వాత జాబుకు అంటించి పోస్టు చేస్తే ముద్ర పడాలె. ముద్ర మీద అచ్చు ఎట్ల ఎక్కుతది? వాడేసిన మామూలు స్టాంపు మీద ఎవడో తర్వాత ఈ అచ్చు గుద్దిండు. మస్తు పాత మోసం ఇది. యాభై రూపాయలు కూడా రావు."

ప్రేమ్‌రాజ్ గోడకు ఆనుకుని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. డబ్బు మిగిలింది. కానీ కొత్త మిషను ఆశ కూడా అక్కడే, ఆ గల్లా మీదే పోయింది.

భూతద్దం అడిగి తీసుకుని, మళ్లీ ఇస్తామని చెప్పి, నేరుగా హుస్సేనీ ఆలం వెళ్లారు. స్టాంపు ఆయన ముందు పెట్టి, పసుపు సంగతి మొదలు చెప్పింది సుజనే. తర్వాత ఖుద్దూస్ భాయ్ చెప్పినది చెప్పింది. వింటూ వింటూ వేణుగోపాల్ మొహం గట్టిపడింది. పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అసలుదని తేలితే నాకు డబ్బు కట్టాలి. నీ చేతిలో అది పాడైన రోజే ఖోటాది అయిందా ప్రేమ్‌రాజ్? మా నాన్న పెట్టెలోంచి తీసిచ్చిన వస్తువది. నమ్మి ఇచ్చాను నేను."

వాళ్లు చెప్పింది నిజమే అయినా అది అబద్ధంలాగే ఉంది. అద్దంలో మీరే చూడండని సుజన భూతద్దం చాపింది. వేణుగోపాల్ దానివైపు కూడా చూడలేదు. మీరు తెచ్చిన అద్దం, మీరు తెచ్చిన మాట అన్నాడు.

సుజన మొగుడి భుజం మీది సంచి తీసుకుని, డబ్బు కట్టలు బయటికి తీసి, ఆయన ముందున్న బల్ల మీద పెట్టింది.

"ఏం చేస్తున్నవే? అవి సోనీ మిషను పైసలు," ప్రేమ్‌రాజ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాకెరుకనే," అని చెయ్యి విడిపించుకుంది. "సార్, ఇవి మీ దగ్గరనే ఉండనియ్యండి. మీకు నమ్మకమున్న మనిషికి చూపియ్యండి. అసలుదంటే ఇవి మీవే, మళ్లా అడగం. మీ వస్తువును పాడు చేసింది మా చెయ్యే. కానీ మోసం చేసినమన్న మాట మాత్రం మోయలేను."

ఆ డబ్బు తిరిగి రాకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా ధైర్యం లేక, బల్ల మీంచి చూపు తిప్పుకుంది.

లోపలినుంచి కోమలవల్లి గోడ పట్టుకుంటూ వచ్చింది. అంతా వింటూనే ఉన్నట్టుంది. గుమ్మం దగ్గర వీధిలోని మేకపిల్లను చూస్తున్న సోనీని, అరటిపండు చూపిస్తూ పిలిచింది. సోనీ తిరగలేదు. ఇంకోసారి, కాస్త గట్టిగా పిలిచింది. సుజన పరుగున వెళ్లి మిషను చూసింది. దీపం లేదు. వైరును వంచింది, బిళ్ల తీసి మళ్లీ అంటించింది, బ్యాటరీ మార్చింది. ఎంత చేసినా వెలగలేదు. సోనీ తల్లి మొహంలోకి చూసి, ఏదో తప్పు చేశాననుకుని, పెదవి బిగబట్టింది.

కోమలవల్లి అరటిపండు బల్ల మీద పెట్టి, స్టాంపూ భూతద్దం తీసుకుని భర్త చేతిలో ఉంచింది.

"చూడండి. చూడ్డానికి భయమెందుకు మీకు?"

ఆయన చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాడు. అద్దం దించిన తర్వాత కూడా అక్కడే, వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"మా అమ్మ చంద్రహారం అమ్మి కొన్నాడు మా నాన్న దీన్ని," అన్నాడు చివరికి. "కొనేముందు ఎవరికీ చూపించలేదు. నలుగురికీ తెలిస్తే చెయ్యి జారిపోతుందని అమ్మిన కొట్టువాడు తొందరపెట్టాడట. మా అమ్మ బతికినన్నాళ్లూ ఎత్తిపొడిచింది, కాగితం ముక్క కోసం నా మెడ బోసి చేశావని. నేను నాన్నవైపే మాట్లాడాను. ఆమె పోయేదాకా నాన్నవైపే మాట్లాడాను."

వెనక్కి తిరిగేసరికి ఆయన కళ్లు తడిసి ఉన్నాయి. డబ్బు కట్టలు తనే సంచిలో సర్ది, సుజన చేతికిచ్చాడు.

"తీసుకెళ్లమ్మా. నిన్ను దొంగగా చూశాను. తప్పయింది."

కోమలవల్లి మందులకు ఇక ఆ ఆల్బంలో ఏమీ మిగల్లేదని సుజనకు తెలుసు. పొద్దుటినుంచి ఖోటాదవ్వాలని మొక్కింది తనే. వంగి ఆ పెద్దామె కాళ్లకు మొక్కింది. కోమలవల్లి అరటిపండు ఒలిచి సోనీ చేతిలో పెట్టింది.

బయటికి వచ్చాక ప్రేమ్‌రాజ్ ఇంటికి ఫోన్ చేశాడు. ఆగమ్మ పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదట. తప్పు నీది కాదమ్మా, దేవుని దగ్గర పెట్టింది నేనే, అన్నం తిను అని చెప్పాడు.

ఆటో ఆగింది. ఎక్కడికి అన్నా అని డ్రైవరు అడిగాడు. ప్రేమ్‌రాజ్ సుజన వైపు చూశాడు. ఆమె మిషను బాగుచేసే ఆఫీసు పేరు చెప్పింది. ఆటో ఎక్కాక ప్రేమ్‌రాజ్ సంచిని ఆమె ఒడిలోనే ఉండనిచ్చి, సోనీని తన ఒడిలోకి తీసుకున్నాడు.

"నేను ఈ పైసలన్నీ ఆయనకు ఇచ్చేస్తుంటి సుజనా. నువ్వు ఆపకపోతే నా బిడ్డ..." సోనీ తలకు మొహం ఆనించి, మాఫ్ చెయ్యి బిడ్డా అన్నాడు.

ఏమీ వినపడని సోనీ, అతని పెదవులు కదలడం చూసింది. మాటలు నేర్పే మేడం చూపించినట్టు, అరటిపండు జిగురు అంటిన అరచేతిని తండ్రి గొంతు మీద ఆనించి, లోపలి మాట వణుకు చేతికి అందగానే కిలకిలా నవ్వింది. ఆ చెయ్యి తీసేస్తుందేమోనని ప్రేమ్‌రాజ్ మాట ఆపలేదు. ఏడుస్తూ, వచ్చే గల్లీల పేర్లు, కనబడే దుకాణాల పేర్లు, ఏది తోస్తే అది చెబుతూనే ఉన్నాడు.