ఫ్రీజర్ తలుపు బయట మనిషి

మందుల గోదాములోని ఫ్రీజర్ గదిలోంచి మూడు ఇంజెక్షన్ పెట్టెలు మాయమయ్యాయి. కంప్లయింట్ వచ్చిన అరగంటలో దొంగ దొరికాడు. తన సర్వీసు మొత్తంలో ఇంత చురుకైన దర్యాప్తు చూడలేదని రిటైర్డ్ ఎస్సై నవ్వుకుంది. ఇప్పుడామె యూనియన్ తరఫున విచారణలకు వెళ్తోంది.

నిన్నటి మీటింగ్‌లో నేరం ఒప్పుకున్నది లోడర్. పేరుకు లోడరే గానీ, గాలేస్తే పడిపోయేలా ఉన్నాడు. క్యాంటీన్ మూలన ఒంటరిగా కూర్చున్నాడు. నిన్నటిదాకా భుజాన చెయ్యేసి తిరిగినవాళ్ళంతా ముఖం చాటేశారు. మధ్యాహ్నం మీటింగ్‌లో ఉద్యోగం ఊడటమే తరువాయి.

"నిన్నటి మీటింగ్‌కి యూనియన్ వాళ్ళని పిలవమన్నావా?"

"అడిగానక్కా. ఊరికే మాట్లాడదామనేగా, వాళ్ళెందుకన్నారు."

"లోపల ఎవరెవరున్నారు?"

"మేనేజర్ సారు, హెచ్ఆర్ మేడమ్, సూపర్‌వైజర్."

"నీ వైపు?"

"ఎవరూ లేరు."

"పెట్టెలు నువ్వే తీశావా?"

అతను తల దించుకున్నాడు. "ఒప్పేసుకున్నాను కదక్కా. ఇంక వదిలేయండి."

ఆమెకు జాలేసింది. దొంగలు బుకాయిస్తారు, ఏడుస్తారు. ఇలా చేతులెత్తేయరు.

ఆమె నేరుగా ఫ్రీజర్ దగ్గరికి వెళ్ళింది. తలుపుకు లోపలి వైపు పిడి లేదు. ఊడిపోయి వారమైందని వాచ్‌మన్ చెప్పాడు. అప్పటినుంచి ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట నిలబడి తలుపు తీస్తున్నారట. అతన్ని బయట ఉంచి ఆమె లోపలికెళ్ళింది. తలుపు మూసుకున్నాక లోపలి నుంచి ఎంత నెట్టినా తెరుచుకోలేదు; వాచ్‌మన్ తీస్తేనే బయటికొచ్చింది.

మధ్యాహ్నం మీటింగ్‌లో ఆమె కుర్చీ లాక్కుని లోడర్ పక్కనే కూర్చుంది.

"ఫ్రీజర్‌కి లోపల పిడి లేదు. ఇతను ఒక్కడే వెళ్ళాడంటున్నారు. మరి బయటికెలా వచ్చాడు?"

"తలుపు తెరిచే ఉంచుంటాడు," అన్నాడు సూపర్‌వైజర్.

"తెరిచుంచితే అలారం మోగుతుంది. మోగిందా?"

"లేదు," అంది హెచ్ఆర్ మేడమ్.

"అంటే బయట ఇంకో మనిషున్నారు. ఆ షిఫ్టులో గోదాము లోపల ఉన్నదే ఇద్దరు. ఒకరు ఈ అబ్బాయి. రెండోవారెవరు?"

అందరూ సూపర్‌వైజర్ వైపు తిరిగారు.

లోడర్ మెల్లగా నోరు విప్పాడు. "అర్జెంటు ఆర్డరుంది, మూడు పెట్టెలు తెమ్మని సూపర్‌వైజర్ గారే అన్నారు సార్. తెచ్చి ఆయన చేతికే ఇచ్చాను."

మేనేజర్ డిస్మిస్ ఆర్డర్‌ని పక్కకు నెట్టేశాడు. "ఈ ముక్క నిన్నే ఏడవొచ్చుగా!"

"ఎవరికి చెప్పను సార్? అడిగేవాళ్ళలో ఆయన కూడా ఉన్నారుగా."