చిట్టి వద్దన్న కుర్చీ

సాఫ్ట్‌వేర్లలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంట్లో కూడా జీతం లేకుండా అదే పని చేస్తానని మా చెల్లి దెప్పుతుంది. ఆ సాయంత్రం నేను పరీక్షించాల్సింది ఆటిజం ఉన్న పిల్లల కోసం చేసిన ఒక యాప్. మాటలు రాని పిల్లలు టాబ్లెట్‌లో బొమ్మని నొక్కితే, అది వాళ్ళ బదులు పలుకుతుంది. వాడి చూపించాల్సింది చెల్లి కూతురు, మా చిట్టి.

ఏడేళ్ళ చిట్టికి మనుషులు తాకితే గిట్టదు. తను ఎక్కే ఒడి నాదొక్కటే. "ఏం మందు పెట్టావే అక్కా?" అని చెల్లి నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు వెనక బాధ నాకు తెలుసు. నాకు పిల్లల్లేరు. చిట్టి బరువు ఒళ్ళో ఉన్నంతసేపూ ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

శిక్షణ కేంద్రంలో చివరి గది అది. బయటి చప్పుడు రాకుండా గోడలకి మెత్తలు కొట్టారు. ఫినాయిల్ వాసన, దాని కింద ఇంకేదో వాసన... తడిసిన జుట్టు లాంటిది. గోడవారన ఒక కుర్చీ. చిట్టి దాని మీద ఎప్పుడూ కూర్చోదు. అందరూ మొండితనమనే అన్నారు.

"కుర్చీలో కూర్చుంటావా చిట్టీ?" అని అడిగాను. అడిగాక నోరు మెదపకుండా ఆగాలి. జవాబు వెతుక్కోడానికి ఈ పిల్లలకి సమయం కావాలి. అది ఈ కేంద్రం పద్ధతి.

చెల్లీ నేనూ ఆగాం. బయట కురుస్తున్న వాన కూడా వినపడటం లేదు.

టాబ్లెట్ పలికింది. "వద్దు." కాసేపటికి మళ్ళీ, "కుర్చీ. పాప."

"తన సంగతే చెప్తోంది," అని చెల్లి గుసగుసలాడింది.

నేనూ అలాగే అనుకున్నాను. టాబ్లెట్ తెర మీద చిట్టి ఫొటో ఉన్న గడి, పాప బొమ్మ ఉన్న గడి పక్కపక్కనే పెట్టారు. వేలు పొరబాటున పడింది, అది యాప్ చేసినవాళ్ళ తప్పు అని తేల్చేశాను. తప్పు దొరికిందని లోలోపల సంబరం కూడా.

చిట్టి తన ఫొటో నొక్కింది. "నేను." గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత కుర్చీ వైపు వేలు చూపించి, బొమ్మ నొక్కింది. "పాప."

చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, పోదాం పద."

"ఉండవే, దాని భయం పోగొడదాం." వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. "చూడు చిట్టీ, ఎవరూ లేరు."

పద్ధతి ప్రకారం ఆగాను.

చిట్టి నా మొహం చూడలేదు. నా మోకాళ్ళ వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. వేలు గడుల మీద నెమ్మదిగా కదిలింది...

"పాప. పెద్దమ్మ. ఒడి."

తడి జుట్టు వాసన... నా గడ్డం కింద.

ఎలా లేచానో, ఎలా బయటపడ్డానో గుర్తులేదు. మళ్ళీ ఆ గదిలోకి పోలేదు.

చిట్టి ఇప్పుడు ఆ కుర్చీలో హాయిగా కూర్చుంటోందట. అంతా యాప్ గొప్పతనమేనని కేంద్రం వాళ్ళు మురిసిపోతున్నారు. నా దగ్గరికి మాత్రం రావడం లేదు. నిన్న చెల్లి ఇంట్లో సోఫాలో కూర్చుని చేతులు చాచాను. బతిమాలాను. ఏడుపొచ్చింది. తను ఎదురుగా నిలబడి నా ఒళ్ళోకి చూసింది. వెళ్ళి టాబ్లెట్ తెచ్చుకుంది. శబ్దం బాగా తగ్గించి, రెండు గడులు నొక్కింది.

"పాప. నిద్ర."

లేవబోయాను. రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి ఉన్నాయి.