కుళాయి నీటితో కడిగిన సీసా

"ఆ సీసా ల్యాబ్ గడప దాటకూడదు. దాటిందా, నువ్వు తిరిగి రానక్కర్లేదు."

ఆరు నెలల క్రితం చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ ఇంతే. ఆనాటి నుంచి ఏజెంట్ ఆ నానో ల్యాబ్‌లో గాజుసామాను కడిగే మనిషిగా ఉంటున్నాడు. కోడ్ పేరు 'గరుడ'. చేతిలో సీసాల బ్రష్.

ల్యాబ్ పెద్ద డాక్టరమ్మ ధాన్యపు పొట్టు బూడిద నుంచి కంటికి కనబడని కణాలను తయారుచేశారు. అవి నీటిలోని విషాన్ని పట్టుకుంటాయి. పని తీరాక మట్టిలో కలిసిపోతాయి. ఖరీదు నిరుపేదకు సైతం అందుబాటులో ఉంటుంది. ఖరీదైన ఫిల్టర్లమ్ముకునే విదేశీ ముఠా, సీసాలోని ఆ ఒక్క నమూనాను ఎత్తుకుపోయి, హక్కులు తన పేర రాయించుకుని తొక్కిపట్టాలని కాచుకుని ఉంది.

ఈ మధ్యాహ్నం భోజనాల వేళ ఏజెంట్‌నూ డాక్టరమ్మనూ కుర్చీలకు కట్టేసింది 'నెమలి', అతనికి తోడుగా డిపార్ట్‌మెంట్ పంపిన అందగత్తె.

"ముడి బిగుసుకుందా?"

"నేర్పింది మీరేగా, గురువుగారూ!" నవ్వింది నెమలి.

అతను బూటు మడమలోని బటన్ నొక్కాడు. ఇయర్‌పీస్ పలికింది: "స్క్వాడ్‌కు పది నిమిషాలు."

సీసాను ముఠాకు అప్పగించడానికి నెమలికి రెండు చాలు. విషపు నీళ్లు తాగుతున్న ఊళ్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒక్క వేలైనా కదల్చలేకపోయాడు.

ముఠా మనిషి లోపలికొచ్చి సీసాపై లేజర్ పెన్ వేశాడు. సరుకు బాగుంటే వెలుగు ఎర్రటి దారంలా సాగాలి. సాగలేదు. అడుగున బూడిదరంగు మడ్డి.

"బురద అమ్ముతావా?"

"నిన్న నేనే చూశాను! చక్కగా ఉంది!"

"నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నావా?"

తగాదా ముదిరింది. నిమిషాలు గడిచాయి. ముఠా మనిషి సీసాను విసిరికొట్టి తలుపు గడియపై చెయ్యి వేశాడు. అవతలి నుంచి స్క్వాడ్ తలుపు బద్దలు కొట్టింది.

కట్లు విప్పాక డాక్టరమ్మ గాజుపెంకుల వంక చూశారు. ఆ ఉదయమే నమూనాను గరుడ కడిగిన సీసాలోకి మార్చారామె.

"చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడిగావా?"

"అది నిండుకుందమ్మా. కుళాయి నీళ్లతోనే..."

"ఎన్నిసార్లు మొత్తుకున్నాను! ఆ నీళ్లలో ఉప్పు తగిలితే కణాలు ముద్దకట్టి దిగిపోతాయని! మళ్లీ నాలుగు నెలల చాకిరీ నాకు."

గరుడ వంగి గాజుపెంకులు ఏరసాగాడు.

"పోనీలే. దేశాన్ని కాపాడుకో నాయనా. నా సీసాల జోలికి మాత్రం రాకు."