నాగమ్మ పేరుతో కారం దోసె

జమ్మలమడుగులో నాగమ్మ ఇంటిముందు చీకటి పడితే బండి ఆపేవాడు లేడు. ఆమె పోయి రెండేళ్ళు. వాకిలి తాళం తుప్పు పట్టింది. కరెంటు ఎప్పుడో కోసేశారు. అయినా వారానికో రాత్రి ఆ ఇంటి అడ్రసుతో, తిండి ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లో ఆర్డరు పడుతుంది. పెట్టింది — నాగమ్మ. కావలసింది — ఒక కారం దోసె.

తీసుకుపోయినవాళ్ళు చెప్పేది ఇదీ. పిలిస్తే పలుకు ఉండదు... కిటికీ చువ్వల మధ్య నుంచి మెల్లగా ఒక చెయ్యి బయటికొస్తుంది. అంతే. పొట్లం అరుగు మీద పారేసి పరుగు.

అట్లా ఏడుగురు పని మానేశారు. ఆ యాప్ నడిపే రాజశేఖర్, ప్రొద్దుటూరులో ప్రసూన దగ్గరికి వచ్చాడు. ప్రసూన ప్రైవేటు డిటెక్టివు. అంతవరకూ ఆమెకొచ్చినవన్నీ పెళ్ళి సంబంధాల ఆరాలే. కంపెనీ కేసు ఇదే మొదలు.

"ఇంకో ఇద్దరు మానుకుంటే జమ్మలమడుగు సెంటరు మూసేయాల్సిందే మేడమ్. దెయ్యమంటాండారు."

"చచ్చిపోయిన మనిషి ఫోనుకు రీచార్జి ఎవురు చేయిస్తాండారప్పా?"

పోటీ కంపెనీవాళ్ళ పనే అనుకుంది ప్రసూన. సెంటరులోనే కాచుకుంది. మూడో రాత్రి ఆర్డరు పడింది. పొట్లం తనే పట్టుకుని బయలుదేరింది.

వీధిదీపం కూడా లేదు. లోపల ఎంతమంది ఉన్నారో ఏమో...

"దోసె..." అంది కిటికీ దగ్గరికి పోయి.

లోపల ఏదో కదిలింది. చువ్వల మధ్య నుంచి చెయ్యి వచ్చింది. ముడతలు పడిన చెయ్యి... ప్రసూన కళ్ళు గట్టిగా మూసుకుని దాన్ని పట్టేసుకుంది.

వెచ్చగా ఉంది.

"మెల్లిగా పాపా... ఎముకలు ఇరుగుతాయి" అంది లోపల్నుంచి గుసగుస.

ఫోన్ లైటు వేసింది. తలమీద ముసుగుతో ఒక ముసలమ్మ. వెనక వీధి ఖాతూన్‌బీ. పోయేముందు నాగమ్మ తన ఫోను ఆమెకిచ్చి, ఒక బొమ్మ చూపించి, ఆకలైతే ఇది నొక్కమందట. ఆమె నెలనెలా అంగట్లో రీచార్జి చేయించుకుని, అదే నొక్కుతుంది. దోసె మాత్రం నాగమ్మ ఇంటికే వస్తుంది. చదువు రాని ఖాతూన్‌బీ, గడియ లేని పెరటి తలుపు తోసుకుని వచ్చి ఇక్కడ నిలబడుతుంది.

ప్రసూన అక్కడే అడ్రసు మార్చింది.

"ఇంక మీ ఇంటికే వస్తాదవ్వా. అది సరే, పిలిస్తే పలకొచ్చు గదా. ఈ గుసగుసలేంది?"

ఖాతూన్‌బీ చువ్వలకు మొహం ఆనించింది.

"గట్టిగా అనొద్దు పాపా. ఈ ఇంట్లో దెయ్యముందంట. నాకు శానా భయం. వచ్చే పిల్లోళ్ళంతా నా ఎనకాల దేన్నో చూసి... దుడ్లు కూడా తీసుకోకుండా పరిగెత్తుతాండారు."

ఆ సంగతి రాజశేఖర్‌కు ఫోన్లో చెప్పడానికి ప్రసూనకు పావుగంట పట్టింది, నవ్వాగక. సెంటరు మూతపడలేదు. మానేసినవాళ్ళలో ఐదుగురు తిరిగొచ్చారు.

మిగిలిన ఇద్దరు రాలేదు. తాము పరిగెత్తింది ఆ చేతిని చూసి కాదని, ముసలమ్మ వెనకాల నిలబడిన ఇంకో ఆడమనిషిని చూసి అని... వాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెప్తారు.