ఉమాశ్రీ గట్టి గొంతు

ఉమాశ్రీ చదువుతుంటే గోడ అవతల ఇస్త్రీ బండి అతనికి కూడా వినిపిస్తోంది.

ఆదివారం కాబట్టి శేరిలింగంపల్లిలోని ఆ బడిలో పిల్లలెవరూ లేరు. ఉమాశ్రీ నాన్న వెంకటరమణ, ఆయన ఆఫీసు స్నేహితులిద్దరూ ఒక గదిలో బల్లలు వేసుకుని కూర్చున్నారు. మాదాపూర్‌లో లేస్తున్న కొత్త భవనాల దగ్గర చిన్న చిన్న పనులు పట్టుకునేవాళ్ళు వరండాలో వరుస కట్టారు. కంపెనీలు వాళ్ళ బిల్లుల్లో పన్ను కింద కొంత పట్టుకుని మిగతాది ఇస్తాయి. సంపాదన తక్కువైనవాళ్ళు ఏడాది లెక్క చూపిస్తూ పన్ను ఆఫీసుకి రిటర్ను వేస్తే, పట్టుకున్న ఆ డబ్బు తిరిగొస్తుంది. ఆ రిటర్నులు నాన్నావాళ్ళు ఉచితంగా రాసిపెడుతున్నారు. గడువు రేపటితో సరి.

"చదవడం రానివాళ్ళకి, మేం రాసింది చదివి వినిపించమ్మా. అందులో ఏముందో తెలియకుండా ఎవరిచేతా వేలిముద్ర వేయించకూడదు," అని పొద్దున్నే చెప్పాడు నాన్న.

ఇంకేం! వక్తృత్వ పోటీలో కప్పు కొట్టిన పిల్ల. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, బడి ప్రార్థనలో వార్తలు చదివినట్టు చదివేస్తోంది.

సత్తెమ్మ వంతు వచ్చింది. ఆమెది బోరబండ. భవనాలు కట్టే కూలీలకు మధ్యాహ్నం భోజనాలు వండి పంపుతుంది. ఒంటిచేత్తో కూతుర్ని చదివిస్తోంది. ఈ డబ్బు వస్తే కూతురి బడి ఫీజు కట్టాలని ఆమె ఆశ.

"సత్తెమ్మ, బోరబండ. భోజనాల కాంట్రాక్టు. ఖర్చులన్నీ పోను ఏడాదికి మిగిలింది..." అంటూ ఉమాశ్రీ ఆ అంకెను విడమరిచి మరీ చదివింది.

వరుసలోని తలలన్నీ సత్తెమ్మ వైపు తిరిగాయి.

"గింతేనా!" అని నవ్వింది వరుసలో వెనక నిలబడ్డ సత్తెమ్మ పక్కింటి లచ్చమ్మ. "వాడలనేమో శేఠానీ లెక్క తిరుగుతది. నేను కూలికి పోయినా గింతకంటే ఎక్కువే తెస్త!"

ఇంకెవరో కూడా నవ్వారు. సత్తెమ్మ ముఖం మాడిపోయింది. వేలిముద్ర వేయలేదు. కొంగు తలమీదికి లాక్కుని, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఉమాశ్రీ కుర్చీలోంచి లేచి నాన్న దగ్గరికి వెళ్ళింది. "నాన్నా, నేను తప్పు చదివానా?"

"ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు." నాన్న కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "కానీ ఆమె ఇబ్బంది ఆమెదమ్మా. పక్కింటికి తెలియకుండా ఎన్నాళ్ళుగా నెట్టుకొస్తోందో! నిన్ను గుమ్మంలో కూర్చోబెట్టే ముందు నేనైనా ఆలోచించాల్సింది."

ఉమాశ్రీకి ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చుంటే సత్తెమ్మ బస్సెక్కేస్తుంది. రేపటితో ఆ డబ్బు పోయినట్టే. కాగితం, ఇంకు ప్యాడు తీసుకుని పరుగెత్తింది.

సత్తెమ్మ బస్టాపులో ఒక పక్కగా నిలబడి ఉంది.

"సత్తెమ్మగారూ, తప్పు నాదండి. అందరికీ వినపడేలా చదివేశాను. మీరు వేలిముద్ర వేద్దురుగాని," అంది ఉమాశ్రీ రొప్పుతూ.

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా." సత్తెమ్మ కళ్ళు తుడుచుకుంది. "గాని మళ్ళ ఆడికి రమ్మనకు. ఆళ్ళ ముందల ఇగ నిలవడలేను. ఫీజుకు ఏదో ఒక తిప్పలు పడత."

"అక్కడికి రానక్కర్లేదండి. కాగితం తెచ్చాను. ఇక్కడే చదువుతాను."

సత్తెమ్మ చుట్టూ చూసింది. స్టాపులో మరో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఉమాశ్రీ కూడా వాళ్ళని చూసింది. తెరవబోయిన కాగితాన్ని మళ్ళీ మడిచింది.

బోరబండ బస్సు వచ్చింది. ఆ ఇద్దరూ ఎక్కారు. సత్తెమ్మ ఎక్కలేదు. బస్సు కదిలి వెళ్ళేదాకా ఉమాశ్రీ నోరు మెదపలేదు. తర్వాత కాగితం విప్పి చదవడం మొదలుపెట్టింది.

"జర గట్టిగ చదువు బిడ్డా. నాకే వినొస్తలేదు," అంది సత్తెమ్మ.

ఉమాశ్రీ గొంతు పెంచలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగి, ఆమె చెవి పక్కన మళ్ళీ మొదటినుంచి చదివింది.