కాగితం మీది వంతెన

“అక్కడ వంతెన లేదండీ!”

హెడ్‌ఫోన్లో మేడమ్ అరుపుకి బెన్నీ చేతిలో పెన్సిల్ మొన విరిగింది. కాగితం మీద గీస్తున్న వంతెనకి కుడివైపు రెయిలింగ్ గీశాడు, ఎడమవైపు అలాగే ఉండిపోయింది.

“నా కాగితంలో ఉందండీ. మా కాకికి ఈత రాదు. కాలవ దాటాలంటే వంతెన కావాలిగా?”

కాకి అంటే ఆటలో బెన్నీ నడిపే దొంగ. ఆదివారం మధ్యాహ్నాలు ఐదారుగురు ఒక వెబ్‌సైట్లో చేరేవాళ్ళు. మేడమ్ కథ చెప్పేది, మిగతావాళ్ళు డైస్ వేసి తమ పాత్రల్ని ముందుకి నడిపేవాళ్ళు. అసలు పేర్లు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు చెప్పుకోకూడదని ఆ టేబుల్ రూల్. ఆ రూల్ పెట్టిన మేడమ్ మీద బెన్నీకి చెడ్డ కోపం. ముఖం కూడా చూడకుండా గొంతుని ప్రేమించినవాడికి కోపం రాదా మరి!

“నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కడుతున్నాం. మ్యాపు సైట్లో రంగుల్లో ఉంది. మళ్ళీ ఆ కాగితం ఎందుకండీ కాకిగారూ?”

“సైటు వాళ్ళదండీ. కాగితం నాది.”

“అయితే ఆ కాగితంలోనే కాపురం పెట్టండి.” నవ్వేసి, మేడమ్ గొంతు తగ్గించింది. “ఊళ్ళో మంచు దిగింది. మంచులో వెనక నుంచి ఎవరు పిలిచినా తిరిగి చూడకూడదు. చూసినవాళ్ళు ఇంటికి రాలేదు. గుర్తుందిగా?”

బందరులో, తమ రోల్డ్‌గోల్డ్ షాపు వెనక గదిలో, పట్టపగలు కూర్చున్న బెన్నీకి ఒళ్ళు జలదరించింది.

నవంబరులో సైటు మూతపడింది, చెప్పాపెట్టకుండా. తెల్లటి తెర మీద ‘ఈ సేవ నిలిపివేయబడింది’ అని ఒక్క ముక్క. మ్యాపు పోయింది, కాకి పోయాడు, ఆ గొంతూ పోయింది. బెన్నీకి మిగిలింది మడతలు పడిన ఆ కాగితమే. పేరు తెలియని అమ్మాయిని ఎక్కడని వెతుకుతాడు? అన్నం సయించక, షాపులో గాజులు అడిగినవాళ్ళకి గొలుసులు చూపిస్తూ తిట్లు తిన్నాడు.

డిసెంబరులో ఒక పొద్దున సరుకు ఇచ్చి రమ్మని వాళ్ళ నాన్న కోడూరు పంపాడు. అవనిగడ్డ దాటాక మంచు బస్సుని కమ్మేసింది. కిటికీ పక్కన ఒక తాడిచెట్టు కనిపించి మాయమైంది. దానికి రెండు తలలున్నాయి.

బెన్నీ ఉలిక్కిపడ్డాడు. మేడమ్ మ్యాపులో మొదటి గుర్తు రెండు తలల తాడి. కాసేపటికి శిలువ పక్కకి ఒరిగిన చిన్న చర్చి. అది రెండోది.

“ఆపండి! దిగాలి!”

“ఇక్కడ స్టాపు లేదబ్బాయ్,” అన్నాడు కండక్టరు.

“ఉందండీ, నా కాగితంలో ఉంది!”

కాగితం పట్టుకుని గట్టు వెంట నడిచాడు. గీసినవి గీసినట్టే ఎదురొచ్చాయి. నీళ్ళు తోడేసిన రొయ్యల చెరువు. నీలం తలుపున్న మోటారు కొట్టు. మనిషి జాడ లేదు, ఒక్క కుక్కయినా మొరగలేదు. తనే కాకి అయిపోయి ఎవరో చెప్తున్న కథలో నడుస్తున్నట్టుంది.

కాలవ దగ్గర ఆగాడు. మంచులో వంతెన ఉంది. తాడి దూలాల వంతెన. రెయిలింగ్ కుడివైపే ఉంది.

అచ్చం తను గీసినట్టే. అయినా ఎక్కాడు. అవతల ఆమె ఉందేమో అన్న ఆశ భయాన్ని తోసేసింది. సగం దూరం వెళ్ళాక కింద నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

“కాకిగారూ!”

వెనక నుంచి. ఆ గొంతే. నెల రోజులుగా దాని కోసమే అల్లాడిపోయాడు. తిరగబోయి, పళ్ళు బిగబట్టి ముందుకే నడిచాడు.

ఎదురుగా మంచులో ఎర్రటి వెలుగు. దగ్గరికి వెళ్తే క్రిస్మస్ నక్షత్రం. స్టూలెక్కి ఒకమ్మాయి దాని వైరు సరిచేస్తోంది.

“ఎవరండీ?”

“మేడమ్?”

స్టూలు ఊగింది. బెన్నీ పట్టుకున్నాడు.

“కాకిగారా?” ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. “నక్షత్రం చూసి వచ్చేవాళ్ళు తూర్పు నుంచి కదా రావాలి?”

“మీకు బందరు తూర్పే కదండీ!”

పకపకా నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. “నా పేరు షీబా. నాకు కల్పించడం రాదు, మా ఊరే చెప్పేదాన్ని. రూల్ పెట్టిందీ నేనే, ఏడ్చిందీ నేనే. కథ పోయిందని కాదు, మీరు పోయారని.”

“నేను బెన్నీ. మీరంటే ప్రాణం నాకు. దీనికి డైస్ వెయ్యాలా?”

“అక్కర్లేదు. గెలిచారు.”

“అది సరే, ఇందాక వెనక నుంచి పిలిచి భలే హడలగొట్టారు.”

“నేనా?” షీబా నవ్వు ఆగిపోయింది. “నేను స్టూలు దిగనే లేదు!”

లోపల్నుంచి వాళ్ళ తాతయ్య జ్ఞానయ్య పడవ గెడ పట్టుకుని వచ్చాడు. “ఎవరమ్మా ఈ అబ్బాయి? పడవ ఈ ఒడ్డునే కట్టేసుంది, ఎలా దాటాడు?”

“వంతెన మీదండీ.”

“ఏ వంతెన?”

ముగ్గురూ చూశారు. మంచు విడిపోతోంది. కాలవ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఖాళీగా ఉంది. ఒక్క గుంజ లేదు.

జ్ఞానయ్య బెన్నీ చెప్పులకంటిన తడి తాడిపీచు చూశాడు. పెదాలు కదిపి ప్రార్థన చేసుకున్నాడు. “లోపలికి రా బాబూ. మా పిల్ల ఇన్నాళ్ళూ ఏడ్చింది నీ కోసమేనా! టీ తాగు. వెళ్ళేటప్పుడు నేను దాటిస్తాను,” అని లోపలికెళ్ళాడు.

బెన్నీ కాగితం విప్పి, జేబులోంచి రబ్బరు తీసి, తను గీసిన వంతెన మీద పెట్టాడు. షీబా అతని చెయ్యి పట్టుకుంది.

“చెరపకు.”

“భయం లేదా?”

“ఉంది. కానీ నువ్వొచ్చిన రోజు తాతయ్య చర్చికెళ్తే పడవెవరు నడుపుతారు?”

అతని జేబులోని పెన్సిల్ లాక్కుని, ఎడమవైపు రెయిలింగ్ గీసింది.

“జాగ్రత్తగా రా, బెన్నీ.”